నీళ్ల చప్పుడికి ఒక గది

మధ్యాహ్నం మూడింటికి, అలప్పుళ దగ్గరి కైనకరిలో నీళ్లు కునుకు తీస్తాయి. పొద్దుటి పడవలు వెళ్లిపోయి ఉంటాయి, సాయంత్రం పడవలు ఇంకా రావు. కాలవ ఒడ్డురాళ్లని మెల్లగా తడుముకుంటూ తనలో తాను ఉండిపోతుంది. ఆ వేళకి ఏలిక్కుట్టి వసారాలో పేముకుర్చీ మీద కూర్చుని, చూరుకి వేలాడే మైకు మీది గుడ్డ తీసి గొంతు సవరించుకునేది.

"ఇది కాయల్ రేడియో. నేను ఏలిని. ఇవాళ నీళ్లు మా మెట్టుకి జానెడు కిందున్నాయి."

కాయల్ అంటే వాళ్ల భాషలో ఊరి చుట్టూ పరుచుకున్న ఆ పెద్ద మడుగు. ఆ పలకరింపు తరవాత ఊరి సంగతులు. చర్చిలో ఎవరి పెళ్లి చాటారు, ఏ పొలం గట్టు కారుతోంది, బాతుల మందలు ఏ వైపు దిగాయి, అలప్పుళ పడవ వేళ ఎందుకు మారింది. పావుగంటలో అన్నీ అయిపోయేవి. అప్పుడామె నోరు మూసుకునేది. మైకు మాత్రం తెరిచే ఉంచేది. గంటసేపు నీళ్లు, కొబ్బరాకులు, దూరంగా ఎవరో తెడ్డు వేస్తున్న చప్పుడు, అప్పుడప్పుడూ ఒక కొంగ. అంతే. జనం ఆ గంట కోసమే వచ్చేవారు. తన కబుర్లు గుమ్మం లాంటివని, లోపలికొచ్చాక గుమ్మాన్ని ఎవరూ తలుచుకోరని ఏలికి తెలుసు. అందుకు ఆమెకి బాధేమీ లేదు.

ఆరో ఏట తట్టు పోసి కళ్లు పోయాయి ఏలికి. ఆకుపచ్చ మాత్రం కొంచెం గుర్తుంది. అంధుల బడిలో చదివి, అలప్పుళలో ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, ఫోన్లు కలిపే ఆ బోర్డు తీసేసేదాకా అక్కడే పనిచేసింది. ఎవరు ఫోను చేసినా ఊపిరి పీల్చిన తీరుని బట్టి ఏ టేబులుకి కలపాలో చెప్పగలిగేది. పని పోయాక ఊరికొచ్చి, చదివి వినిపించే కంప్యూటరు ఒకటి కొనుక్కుని, తల్లి శోశమ్మతో కలిసి ఆ నీళ్ల మధ్య ఇంట్లో ఉండిపోయింది.

"మెడదాకా ఉన్నాయి మనకి నీళ్లు. వాటి చప్పుడు వినేవాళ్లెవరే?" అనేది శోశమ్మ, కొబ్బరి తురుముతూ. "వర్షాకాలం రమ్మను, ఊరికే పంచిపెడతాను."

మిథునమాసం మొదట్లో, ఒక మధ్యాహ్నం రేడియో ఆగిపోయింది. ఏలి మాట్లాడుతూనే ఉంది, ఎవరికీ వినబడటం లేదు. సాయంత్రానికి ఉత్తరం వచ్చింది. ఆమె రేడియోకి ఇంటర్నెట్‌లో చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీ వాళ్లది. మీరు మీ వాటాకి మించి వాడుతున్నారు, అదే యంత్రం మీదున్న మిగతావారికి ఇబ్బందిగా ఉంది, అందుచేత మీ ఖాతా ఆపేశాం అని. కంప్యూటరు గొంతు ఆ మాటలు చదివిన తీరులో కోపం లేదు, జాలీ లేదు. ఏలి మైకు మీద గుడ్డ కప్పి, చాలాసేపు మెట్ల మీద నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చుంది.

ఆదివారం పూజ అయ్యాక పెదనాన్న కొడుకు తోమిచ్చన్ కొచ్చి నుంచి వచ్చాడు. కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఉడికిన కర్రపెండలం, చేపల పులుసు ముందు పెట్టుకుని సంగతంతా విన్నాడు.

"నువ్విన్నాళ్లూ ఉన్నది సత్రంలో, ఏలీ," అన్నాడు. "ఒకటే వంటిల్లు, ఒకటే నుయ్యి, నూరుమంది అద్దెకుంటారు. నువ్వేమో మధ్యాహ్నమంతా చేద వేసుకుని తోడుతున్నావు. ఊరుకుంటారా?"

"నేనేం తోడానురా? చప్పుడేగా."

"చప్పుడైనా తోడుడే. వినేవాళ్లు ఒక్కొక్కరికీ ఒక్కో ధార విడిగా పోవాలి. పదిమందైతే పది ధారలు. అందరికీ కలిపి ఒకటే కాలవ అనుకున్నావేమో."

ఏలి నిజంగా అలాగే అనుకుంది. తన మైకులోంచి ఒకే ఒక కాలవ బయల్దేరి, అందరి కిటికీల కిందనుంచీ పోతుందని. అలా కాక, అంతమందికి అన్ని కాలవలు విడివిడిగా పారుతున్నాయని తెలిసేసరికి ఆమెకి ఒంటిమీద సన్నగా జల్లు పడినట్టయింది.

"మరిప్పుడేం చేయాలి?"

"వేరింటి కాపురం పెట్టాలి. యంత్రం మొత్తం అద్దెకి తీసుకుంటే నీకెక్కువ, దండగ. మధ్యస్తంగా ఒకటుంది. పెద్ద యంత్రాన్ని లోపల్లోపలే వాటాలు వేస్తారు. గోడలు కనబడవు, కానీ ఉంటాయి. ఒక్కో వాటా తానే అసలు యంత్రాన్ననుకుంటుంది. నీకని రాసిచ్చిన మెమరీ నీదే, పక్కవాడు ఎంత గింజుకున్నా అందులోకి రాలేడు. తాళం నీ చేతిలోనే. లోపల ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం. వర్చువల్ ప్రైవేట్ సర్వర్ అంటారు. వీపీఎస్."

"మా బ్యాంకు ఎక్స్ఛేంజిలాగ," అంది ఏలి నెమ్మదిగా. "పెట్టె ఒకటే. మేనేజరు లైను మేనేజరుదే, క్యాషియరు లైను క్యాషియరుదే."

"అదీ. అలాంటిదే."

"వర్చువల్ అంటే లేనిదనా?"

"లేనిది కాదు. ఉంది గానీ చేతికి తగలదు."

ఏలి నవ్వింది. "నాకు ఈ లోకంలో సగం అలాంటివేరా."

శోశమ్మ పులుసు వడ్డిస్తూ ఆగింది. "ఆ ఇంట్లో మంచినీళ్లొస్తాయా, తోమిచ్చా?"

"నీళ్లు అసలు రాకూడదు పిన్నీ. వస్తే కొంప మునుగుతుంది."

"అయితే మన కైనకరి వాళ్లు ఉండే ఇల్లు కాదది," అంది శోశమ్మ తేల్చేస్తూ.

వెళ్లేముందు తోమిచ్చన్ తనకి నచ్చినదొకటి చూపించాడు. దూరదేశంలో, జర్మనీలో ఎక్కడో ఉంటుంది. మరమ్మతులు, తాళాలు, పహరా అన్నీ వాళ్లే చూసుకుంటారు. తెర మీద చక్కటి బొమ్మలుంటాయి, వాటిని నొక్కితే పనైపోతుంది. "నీకేం శ్రమ ఉండదు. ఓ నెల ఊరికే వాడి చూడమంటున్నారు," అన్నాడు. ఏలికి మంచి జరగాలనే అన్నాడు.

ఆ వారమంతా ఏలి ఆ బొమ్మల ఇంట్లో తిరిగింది. చదివే గొంతు ఆమెని ఒక్కో అడుగూ నడిపించింది. "బటన్," అంది గొంతు. తరవాత, "బటన్." తరవాత, "బటన్. బటన్. బొమ్మ. బటన్." ఏ తలుపు మీదా పేరు రాసి లేదు. కట్టిన వాళ్లకి ఆ అవసరం కలగలేదు, వాళ్లకి బొమ్మ కనబడుతుంది కాబట్టి. ఒక పేరులేని తలుపు నొక్కితే ఇంకో గది వచ్చింది, అందులోనూ పేరులేని తలుపులే. మధ్యాహ్నాలు కలలో నడిచినట్టు నడిచింది. ఎన్నో ఏళ్ల క్రితం, చూపు పోయిన కొత్తలో, సొంత ఇంట్లోనే దారి తప్పి స్తంభం పట్టుకుని నిలబడ్డ రోజొకటి ఆమెకి జ్ఞాపకం వచ్చింది. ఐదో రోజున కంప్యూటరు మూసేసింది.

"అమ్మచ్చీ, వాళ్లిల్లు చాలా అందంగా ఉందట," అంది తల్లితో. "నాకు మాత్రం గుమ్మమే దొరకలేదు."

తరవాత తనే వెతుక్కుంది. చూపులేని వాళ్లు కలిసి మాట్లాడుకునే చోటు ఒకటుంది, అక్కడ ఎవరో రాశారు. బొమ్మలేవీ లేని వీపీఎస్‌లు కూడా ఉంటాయి, ఖాళీ గది తాళం చేతికిచ్చి వెళ్లిపోతారు, అక్కడ పనంతా మాటలతోనే అని. నువ్వొక వరస టైపు చేస్తావు, అది ఒక వరస జవాబు చెబుతుంది. మళ్లీ నువ్వు, మళ్లీ అది. ఏలి వేళ్లు ఆగిపోయాయి. అది ఆమెకి తెలిసిన పనే. ఒకరు పిలవడం, ఒకరు పలకడం.

తోమిచ్చన్‌కి ఫోను చేసింది.

"అది కష్టం ఏలీ," అన్నాడు. "అందులో ఒక్క బొమ్మా ఉండదు."

"అదేరా నేను చెప్పేది. ఒక్క బొమ్మా ఉండదు."

అవతల అతను నుదురు రుద్దుకున్న శబ్దం ఆమెకి వినబడింది.

"నాకు తట్టలేదు," అన్నాడు. "కానీ చూసుకో. అక్కడ పహరా నువ్వే, మేస్త్రీవీ నువ్వే. దొంగలు రోజూ తలుపు తోసి చూస్తుంటారు. ఏదైనా పాడైతే కంపెనీ వాళ్లు రారు."

"ఇక్కడ మాత్రం ఎవరొస్తున్నారు? గట్టు తెగితే మేమే మట్టి వేసుకోవడంలా?"

అయితే గది ఎక్కడ తీసుకోవాలి అన్నది తేలాలి. వినేవాళ్లకి ఎంత దగ్గరగా ఉంటే ధార అంత తొణక్కుండా పోతుందన్నాడు తోమిచ్చన్. తన శ్రోతలందరూ గల్ఫులోనే ఉంటారనుకుంది ఏలి. ఊరి పిల్లలు సగంమంది ఎటూ అక్కడే ఉన్నారు. అయినా అడిగితే పోయేదేముందని, ఫోన్లో మాట రికార్డు చేసి తెలిసినవాళ్లందరికీ పంపింది. మీరు ఎక్కడినుంచి వింటారు, చెప్పండి అని.

రెండు రోజులపాటు జవాబులు వస్తూనే ఉన్నాయి. వసారాలో పడుకుని కళ్లు మూసుకుని ఒక్కో గొంతూ వింది. దోహాలో ఒక డ్రైవరు. ఐర్లండులో ఒక నర్సు, వెనక కెటిల్ కూత. కానీ ఎక్కువ గొంతులు దూరపువి కావు. చంగనాశ్శేరి. కరుకచ్చాల్. పంపాడి. పడవా బస్సూ కలిపినా ఒక పూట ప్రయాణం లేని ఊళ్లు. వరదలకి విసిగిపోయి, పొలాలు అయినకాడికి అమ్ముకుని, మెరక మీదికి వెళ్లిపోయిన కైనకరి వాళ్లవి ఆ గొంతులు. వాళ్లలో ఒకప్పటి పక్కింటి రమణి కూడా ఉంది.

"మంచి ఇల్లే కట్టుకున్నాం ఏలి చేచీ," అంది రమణి గొంతు, అక్కా అన్న పాత పిలుపుతోనే. "ఎంత వానొచ్చినా గుమ్మంలోకి చుక్క రాదు. కానీ మధ్యాహ్నం నడుం వాలిస్తే చెవిలో ఏమీ ఉండదు. ఖాళీగా ఉంటుంది. గోడల్లాగే నిద్ర కూడా ఎండిపోయింది. నీ రేడియో పెట్టుకుంటే మంచం కిందికి నీళ్లొచ్చినట్టుంటుంది. అప్పుడు పడుతుంది. ఇంట్లోవాళ్లకి చెప్పకు, నవ్వుతారు. నీళ్లకి భయపడే కదా వచ్చేశాం."

ఏలి ఆ మాటలు మళ్లీ ఒకసారి వింది. పక్కనే బియ్యం ఏరుతున్న శోశమ్మ చేతులు కూడా ఆగాయి.

"రమణేనా అది? గొంతు బొంగురు పోయింది," అంది. "మెరక గాలి పడలేదు దానికి," అని మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది.

అలా గది మన దేశంలోనే, దక్షిణాదిలోనే ఉండాలని తేలింది. చెన్నైలో యంత్రాలున్న కంపెనీలు మూడు దొరికాయి. ఏలి మూడింటికీ ఒకటే ఉత్తరం రాసింది. నాకు చూపు లేదు, చిన్న రేడియో నడపాలి, మీ దగ్గర గది తీసుకుంటే నాకు ఎక్కడ అడ్డం పడుతుంది అని. ఎంత మెమరీ ఇస్తారు, ఎంత డేటా పోనిస్తారు అన్నవి ఎటూ వాళ్ల పేజీల్లో రాసే ఉంటాయి. ఆమె వినదలుచుకున్నది పలికే తీరు.

మొదటి కంపెనీ, మా సేవలన్నీ అందరికీ అనుకూలం అని జవాబిచ్చింది. రెండోది ఇంకా పెద్ద గది తీసుకోమంది. మూడోదానినుంచి ఒక రోజు ఆలస్యంగా, ఇలక్కియ అనే అమ్మాయి సంతకంతో ఏడు వాక్యాలొచ్చాయి. "మీ పనికి మా అన్నిటికంటే చిన్న గది చాలు, శ్రోతలు పెరిగితే సామాను కదపకుండానే పెద్దది చేసుకోవచ్చు. మెమరీకన్నా నెలకి ఎంత డేటా పోతుందో చూసుకోండి. వారానికోసారి వేరే ఊళ్లో నకలు దాచే ఏర్పాటు మాత్రం తప్పకుండా తీసుకోండి. ఒక్క చోట మీకు ఇబ్బంది ఉంది. ఎప్పుడైనా తలుపు బయటనుంచి మూసుకుపోతే దొడ్డిదారి ఒకటుంది, కానీ అది తెర మీద బొమ్మలా వస్తుంది, మీ కంప్యూటరు చదవలేదు. అప్పుడు ఎవరివైనా కళ్లు కావాలి. క్షమించండి, దాన్ని మేమింకా సరిచేయలేదు."

"ఇదీ ఇల్లు," అంది ఏలి.

"ఎందుకు?" అంది శోశమ్మ.

"ఎక్కడ కారుతుందో ముందే చెప్పింది."

తెలతెలవారే వేళ, పక్షులు లేస్తుండగా, తాళం వచ్చింది. ఏలి కొత్త గదిలోకి అడుగు పెట్టింది. అడుగు అని ఊరికే అనడం కాదు, ఆమెకి నిజంగానే అలా అనిపించింది. లోపల ఏ సామానూ లేదు. చాలా పెద్ద భవనంలో, ఎన్నో అంతస్తుల్లో, ఎవరెవరో నిద్రపోతున్నారు. గోడల అవతల వాళ్ల ఊపిరి వినబడీ వినబడనట్టుంది. చల్లగా ఉంది. ఎక్కడో ఫ్యాన్లు హోరుమంటున్నాయి, సముద్రం పక్కన పడుకున్నట్టు. ఆమె ఒక వరస టైపు చేసింది. గది పలికింది. ఎవరు నువ్వు అంటే, నేను ఈ యంత్రాన్ని, నాకింకా పేరు పెట్టలేదు అన్నట్టుగా ఏవో అంకెలు చెప్పింది. తమ భాషలో పిల్లకాలవని తోడు అంటారు కనక ఆ గదికి తోడు అని పేరు పెట్టింది.

రేడియోని కుదురు చేయడానికి వారం పైన పట్టింది. తోమిచ్చన్ ఫోన్లో సలహా చెప్పేవాడు, కొన్ని అతనికీ తెలియక ఇద్దరూ కలిసి తడుముకునేవారు. పాత రికార్డులన్నీ ఆ గదిలోకి చేర్చింది. ఏ రోజైనా కైనకరిలో కరెంటు పోయి మైకు మూగబోతే, ఆ రికార్డులు వాటంతటవే మొదలయ్యే ఏర్పాటు కూడా చేసింది. శ్రోతలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. రమణి మూడింటికి సరిగ్గా వచ్చేది.

అప్పుడు ఏలి ఒక తప్పు చేసింది.

దొంగలు తలుపు తోస్తున్నారని తోమిచ్చన్ అన్నది నిజమే. ఎవరెవరో ఎక్కడెక్కడినుంచో తాళం తిప్పి చూసిన గుర్తులు యంత్రం రాసి పెడుతుంది. వాటిని చదివించుకుని విన్నరోజు ఆమెకి అన్నం సహించలేదు. ప్రహరీ కట్టాలనుకుంది. ఏ తలుపులు తెరిచి ఉంచాలో, ఏవి మూయాలో చెప్పే కావలి ఒకటుంది. రేడియో వినిపించే తలుపు ఒక్కటి తెరిచి ఉంచమని చెప్పి, కావలిని నిలబెట్టింది. తను రాకపోకలు చేసే తలుపు సంగతి మరిచిపోయింది. గది ఆమె మాటకి మర్యాదగా తలవంచి, ఆమె ముఖం మీదే తలుపు వేసింది. ఆ తరవాత ఎంత పిలిచినా పలకలేదు.

రేడియో మోగుతూనే ఉంది. కానీ ఇక లోపలికి ఎవరూ వెళ్లలేరు. సాయంత్రం పడవ వచ్చేలోగా తోమిచ్చన్‌కి రెండుసార్లు ఫోను చేసింది. విమానంలో ఉన్నాడేమో, ఎత్తలేదు. దొడ్డిదారి తెరిచింది. ఇలక్కియ చెప్పినట్టే చదివే గొంతు ఒక్కటే మాట అంది. "బొమ్మ."

శోశమ్మ దీపం పెట్టడానికి వచ్చింది. కూతురు కదలకుండా కూర్చున్న తీరు చూసింది.

"ఏమైందే?"

"నా ఇంటికి నేనే బయట పడ్డాను. తెరమీద ఏదో రాసుంటుంది, అమ్మచ్చీ. అది చదివేవాళ్లు కావాలి."

"ఇంగ్లీషా?"

"ఊఁ."

శోశమ్మ నాలుగో తరగతితో బడి మానేసింది. ఇంగ్లీషు ఆమెకి రాదు. ఏలి చదువుకునే రోజుల్లో బడినుంచి వచ్చిన ఏ కాగితమూ ఆమె చదివిపెట్టలేకపోయింది. అన్నిటికీ పక్కింటికి పట్టుకెళ్లేది. చెంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, తెర ముందు కూర్చుంది.

"పలకలేను. ఆకారం ఎలా ఉందో చెబితే పనికొస్తుందా?"

ఏలి తల తిప్పింది. అంధుల బడిలో చెక్కతో చేసిన ఇంగ్లీషు అక్షరాలుండేవి. చిన్నప్పుడు వాటిని తడిమి తడిమి నేర్చుకుంది. కుడిచెయ్యి చాపి, అరచేయి తెరిచింది.

"ఇక్కడ రాయి. ఎలా కనబడితే అలా."

శోశమ్మ వేలు అరచేతిలో దిగింది. కొబ్బరి నూనె వాసన, కొంచెం ఉల్లిపాయ. నిలువుగా ఒక గీత. తరవాత గుండ్రం. తరవాత గుండ్రం కిందికి ఒక తోక.

"ఇంకొంచెం మెల్లగా," అంది ఏలి.

"చిన్న గీత, మీద చుక్క. తరవాత చిన్న తలుపు, చట్రం లాగ. ఆ తరవాత రెండు చుక్కలు, ఒకదాని మీద ఒకటి."

"లాగిన్," అంది ఏలి. "లోపలికి రావాలంటే నీ పేరు చెప్పు అంటోంది."

పేరు టైపు చేసింది. ఇంకో మాట వచ్చింది, శోశమ్మ దాన్నీ రాసింది. ఏలి తాళం మాట టైపు చేసింది. శోశమ్మ వేలు మళ్లీ కదిలింది, ఈసారి చాలా పొడుగ్గా, మొదట్లో రాసినదే మళ్లీ రాసి, పక్కన ఇంకేదో.

"కాదంటోంది," అంది ఏలి. "తప్పు నొక్కాను."

"తొందరపడకు. ఊపిరి తీసుకో. ఆ తెర ఎక్కడికీ పోదు."

రెండోసారి తెర నిండా ఏవో వచ్చి పడ్డాయి. శోశమ్మ వెనక్కి జరిగింది.

"చీమలు, ఏలీ. చీమలబారు. ఏది రాయను?"

"ఏదీ వద్దు. చిట్టచివరి వరసలో చివర ఏముంది?"

"కిటికీ ఊచల్లాగ ఉంది. నిలువు రెండు, అడ్డం రెండు." ఆమె ఆ గుర్తుని అరచేతిలో నాలుగు గీతలుగా గీసింది.

ఏలి ఆ నాలుగు గీతల్ని గుర్తుపట్టింది. "లోపలికొచ్చేశాం, అమ్మచ్చీ. ఇంటి యజమానికి తప్ప ఇంకెవరికీ ఆ గుర్తు రాదు."

తలుపు తెరిచి ఉంచమని కావలికి చెప్పింది. జవాబు వచ్చిందంది శోశమ్మ. రాసింది. ఒక్కో అక్షరం రాయడం, ఏలి తల ఊపడం, మళ్లీ రాయడం. ఆ పని తొందరగానే అయిపోయింది, కానీ శోశమ్మ చెయ్యి తీయలేదు. నియమం చేర్చాం అన్న మాట ఏలికి అందిన తరవాత కూడా తెరమీద మిగిలిన వాటిని, అక్కర్లేని అంకెలని, తేదీని, చుక్కలని, ఒకదాని తరవాత ఒకటి రాస్తూ పోయింది. ఏలి వద్దనలేదు. బయట దోమలు ముసిరాయి, దీపం ఎవరూ పెట్టలేదు, సాయంత్రం పడవ వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"ఈ మాట అర్థమేంటి?" అని అడిగేది మధ్యలో శోశమ్మ.

ఏలి చెప్పేది.

"నేను రాసిందేనా?"

"నువ్వు రాసిందే."

మర్నాడు పొద్దున్న శోశమ్మ చేపలమ్మే ఆమెతో, "మాకు చెన్నైలో ఒక గదుంది. తాళం పోతే నేనే తెరిచాను," అంటూండగా ఏలి విన్నది.

మరుసటి నెల, కర్కాటకంలో, వాన పట్టుకుంది. గట్టు రెండుచోట్ల తెగింది. ఒక పొద్దున్న నీళ్లు వసారా ఎక్కాయి, పేముకుర్చీ తేలి గోడకి తగిలి ఆగింది. కరెంటు ముందే పోయింది. కంప్యూటరుని ప్లాస్టిక్ బకెట్లో పెట్టుకుని, బాతుల్ని వదిలేసి, తల్లీకూతుళ్లు పెద్ద పడవెక్కారు. పడవలో ఎవరూ ఏడవలేదు. వాన నీళ్ల మీద పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంటికి దూరమవుతున్న కొద్దీ ఏలికి ఆ చప్పుడులో తేడా తెలుస్తూనే ఉంది. మెట్ల మీద పడే వాన వేరు, లోతు మీద పడే వాన వేరు.

చంగనాశ్శేరి రేవులో రమణి గొడుగుతో నిలబడి ఉంది. క్యాంపుకి వెళతామంటే వినలేదు. "ఇల్లు ఉన్నదెందుకు?" అని వాళ్ల మూటలు లాక్కుని బస్సెక్కించింది. రబ్బరుచెట్ల మధ్య ఎత్తు మీద ఇల్లు. వేడివేడి గంజి, పెసలు, కాల్చిన అప్పడం. గట్టి నేల మీద పొడి చాప. ఏలి నడుం వాల్చింది. చెవిలో ఏమీ లేదు. వాన ఉంది, కానీ అది ఆకుల మీద పడి మట్టిలోకి ఇంకిపోతోంది, ఎక్కడా నిలవడం లేదు. రమణి అన్న ఖాళీ ఇదేనని ఆమెకి తెలిసింది. కళ్లు మూసుకున్నా తెరుచుకున్నా ఒకటే అయిన మనిషికి, చెవి కూడా మూతపడితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"మూడయింది," అంది రమణి. ఫోను తీసి చాపల మధ్య పెట్టింది.

నీళ్లు వచ్చాయి.

కైనకరిలో మైకు మునిగిపోయి ఉంటుంది. కానీ చెన్నైలో, ఆ చల్లటి గదిలో, తోడు మరిచిపోలేదు. మైకు మూగబోయిందని గ్రహించి పాత మధ్యాహ్నం ఒకటి తీసి పారించడం మొదలుపెట్టింది. వేసవి మధ్యాహ్నం అది. కాలవ లోతు తక్కువ, తెడ్డు అడుగుని తాకుతోంది. కొబ్బరాకు ఒకటి రాలింది. ఏలి తన వసారా నిడివిని చెవితో కొలిచింది. గోడ ఉంది, మెట్టు ఉంది, మెట్టు దగ్గర నీడ కూడా ఉంది. నీళ్ల కింద ఉన్న ఆ ఇల్లు, అక్కడ పొడిగా ఉంది.

రేడియోలో హఠాత్తుగా ఒక ఆడగొంతు లేచింది. బాతుల్ని తిడుతోంది. వాటి తల్లుల్ని, తాతల్ని, అవి తిన్న నూకల్ని, ఒక్కటీ వదలకుండా.

శోశమ్మ లేచి కూర్చుంది. "నా గొంతు ఇంత గట్టిగా ఉంటుందా?"

"దీనికన్నా గట్టిది, శోశమ్మ చేడత్తీ," అంది రమణి, కళ్లు తెరవకుండానే. అప్పటికే ఆమె మాట నిద్రలోకి జారుతోంది.

శోశమ్మ మళ్లీ పడుకుంది. కాసేపయ్యాక చీకట్లో వెతికినట్టు చెయ్యి చాపి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆ గదికి వచ్చే నెల కూడా ఉంచు," అంది మెల్లగా. "బాతులు తిరిగొచ్చేదాకా."

"ఊఁ," అంది ఏలి.

చాపల మధ్య నీళ్లు పారుతూనే ఉన్నాయి.